బొలోన్యా నుంచి ఫిన్‌మార్క్ దాకా చదువు ఖర్చు

యూరప్‌లో విశ్వవిద్యాలయ ఫీజుల కథ ఇటలీలోని బొలోన్యా నగరంలో మొదలవుతుంది. 1088లో పుట్టిందని చెప్పుకునే ఈ విశ్వవిద్యాలయంలో తొలి రోజుల్లో విద్యార్థులే సంఘాలుగా ఏర్పడి, చందాలు వేసుకుని, పండితులను పిలిపించుకుని న్యాయశాస్త్రం చెప్పించుకునేవారు. దూర ప్రాంతాల నుంచి వచ్చినవాళ్లు ప్రాంతాల వారీగా జట్లు కట్టేవారు. పాఠం ఆలస్యంగా మొదలుపెట్టిన పంతులుకు జరిమానా వేసే అధికారం కూడా వాళ్లదే. పదమూడో శతాబ్దం చివర్లో నగర పాలకులు పంతుళ్లకు జీతాలివ్వడం మొదలుపెట్టాక ఆ పెత్తనం మెల్లగా చేతులు మారింది. 1563లో కట్టిన ఆర్కిజిన్నాసియో భవనం గోడల నిండా నాటి విద్యార్థి ప్రతినిధుల వంశచిహ్నాలు వేల సంఖ్యలో కనిపిస్తాయి. కార్డినల్ అల్బోర్నోజ్ 1364లో రాసిన వీలునామాతో ఏర్పడిన స్పెయిన్ కళాశాల నేటికీ స్పెయిన్ విద్యార్థులకు వసతి కల్పిస్తూనే ఉంది. ఆరున్నర శతాబ్దాల తర్వాతా కొనసాగుతున్న ఉపకార వేతనం ప్రపంచంలో మరెక్కడైనా ఉంటే అది అరుదైన విషయమే.

1999 జూన్‌లో 29 దేశాల మంత్రులు ఈ ఊళ్లోనే ఒక ప్రకటన మీద సంతకాలు చేశారు. డిగ్రీ, ఆపైన మాస్టర్స్ అనే వరస, చదివిన పాఠాలను క్రెడిట్లలో కొలిచే పద్ధతి, దేశం మారినా చెల్లే పట్టాలు ఆ ప్రకటన ఫలితమే. డబ్బు సంగతి మాత్రం ఆ మంత్రులు ముట్టుకోలేదు. అందుకే బొలోన్యాలో రైలెక్కి ఉత్తరానికి సాగే యాత్రికుడికి ప్రతి మజిలీలోనూ ఒకే డిగ్రీ కనిపిస్తుంది, దానికి కట్టాల్సిన మొత్తం మాత్రం సరిహద్దు దాటినప్పుడల్లా మారిపోతుంది. ఫీజు ఎంత అన్న ప్రశ్న ఒక్కటే వేసి ఈ దేశాలను పోల్చడం పొరపాటు. విద్యార్థి గది అద్దె, తిండి ఎవరు భరిస్తారన్నది రెండో ప్రశ్న. పద్దెనిమిదేళ్లు నిండిన మనిషిని ప్రభుత్వం తల్లిదండ్రుల బిడ్డగా చూస్తుందా, సొంత కాళ్ల మీద నిలబడ్డ పౌరుడిగా చూస్తుందా అన్నది మూడోది. అసలు తేడాలు బయటపడేది ఈ మూడో ప్రశ్న దగ్గరే.

ఇటలీ జవాబు కుటుంబంతో ముడిపడి ఉంది. సమర్థులైన విద్యార్థులకు, చేతిలో డబ్బు లేకపోయినా, అత్యున్నత చదువుల దాకా వెళ్లే హక్కు ఉందని 1948 నాటి రాజ్యాంగం 34వ అధికరణంలో రాసుకున్నారు. దాన్ని ఆచరణలో పెట్టే సాధనం ఒక కాగితం. ఇంటి ఆదాయం, ఆస్తిపాస్తులు, ఇంట్లో ఎంతమంది ఉన్నారన్న లెక్క కలిపి 'ఇజే' అనే ఒక అంకెను తేలుస్తారు. ఆ అంకె 22,000 యూరోల లోపుంటే ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ఫీజు ఉండదు, ప్రాంతీయ పన్ను, స్టాంపు ఖర్చు వంటివి మాత్రం కట్టుకోవాలి. 2017లో ఈ మినహాయింపు మొదలైనప్పుడు హద్దు 13,000 యూరోలే. అంకె పెరిగేకొద్దీ ఫీజు మెట్లు మెట్లుగా పెరుగుతుంది. ఒకే బెంచీ మీద పక్కపక్కన కూర్చున్న ఇద్దరిలో ఒకరు ఏమీ కట్టకపోవచ్చు, ఇంకొకరు ఏడాదికి రెండు మూడు వేల యూరోలు కట్టవచ్చు.

ఫీజు మాఫీకి తోడు ప్రాంతీయ ప్రభుత్వాలిచ్చే ఉపకార వేతనం ఉంది. అందులో నగదు, హాస్టల్ గది, భోజనం కలిసి ఉంటాయి. యూరప్ బయటి దేశాల విద్యార్థులూ దీనికి దరఖాస్తు చేసుకోవచ్చు, ఈ సంగతి తెలుగు నాట బాగా పాకింది. హైదరాబాద్, విజయవాడల్లోని కన్సల్టెన్సీలు ఇటలీని చవక చదువుల దేశంగా చూపించడానికి కారణం ఇదే. తహసీల్దారు ఇచ్చిన ఆదాయ పత్రాన్ని ఇటాలియన్‌లోకి అనువదింపజేసి, ధ్రువీకరణ ముద్రలు వేయించి, అక్కడి లెక్క ప్రకారం మళ్లీ అంకె తేల్పించుకోవాలి. అయితే ఇటలీ విద్యార్థుల నోళ్లలో ఏళ్లుగా నలుగుతున్న ఒక మాట ఉంది: 'అర్హులే, కానీ అందుకోనివాళ్లు'. అన్ని షరతులూ నెరవేర్చి జాబితాలో పేరు ఎక్కినా, ప్రాంతం దగ్గర నిధులు అయిపోతే డబ్బు చేతికి రాదు. గది దొరకని బాధ వేరే. 2023 మే నెలలో మిలాన్, రోమ్ నగరాల్లో విద్యార్థులు విశ్వవిద్యాలయాల ముందు గుడారాలు వేసుకుని అద్దెల మీద నిరసన తెలిపారు. రాజ్యాంగంలో అంత ఉదాత్తంగా రాసుకున్న దేశం ఒక్క గది చూపించలేకపోవడం చిన్న లోపం కాదు.

దక్షిణాన మిగతా దేశాలదీ కొంచెం అటూ ఇటూగా ఇదే దారి. స్పెయిన్‌లో ఫీజును క్రెడిట్ లెక్కన వసూలు చేస్తారు. ఒక సబ్జెక్టు తప్పి రెండోసారి చేరితే ధర పెరుగుతుంది, మూడోసారి ఇంకా పెరుగుతుంది. ధర నిర్ణయించేది స్వయంపాలిత ప్రాంతాలు కాబట్టి ఊరు మారితే లెక్క మారుతుంది. ఆండలూసియా ప్రాంతం 2017 నుంచి, మొదటిసారికే పాసైన క్రెడిట్లకు తర్వాతి ఏడాది ఫీజులో 99 శాతం తగ్గిస్తోంది. గ్రీస్‌లో 1975 రాజ్యాంగం 16వ అధికరణం ప్రభుత్వ విద్యను అన్ని స్థాయుల్లోనూ ఉచితం చేసింది. అక్కడ డిగ్రీ విద్యార్థులకు పాఠ్యపుస్తకాలు కూడా ఊరికే ఇస్తారు.

బొలోన్యా నుంచి వెరోనా, ట్రెంటో, బొల్సానో మీదుగా రైలు బ్రెన్నర్ కనుమ ఎక్కి దిగితే ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్. ఇక్కడ ఫీజు మొత్తం వింతగా ఉంటుంది: సెమిస్టర్‌కు 363 యూరోల 36 సెంట్లు. 2001లో ఫీజు ప్రవేశపెట్టినప్పుడు దాన్ని 5,000 షిల్లింగులుగా నిర్ణయించారు. ఆ డబ్బును యూరోల్లోకి మార్చగా వచ్చిన అంకె అలాగే స్థిరపడిపోయింది. 2008 సెప్టెంబరులో, ఎన్నికలకు కొద్ది రోజుల ముందు, ఆస్ట్రియా పార్లమెంటు చాలామందికి దీన్ని రద్దు చేసింది. నిర్ణీత కాలానికి మించి రెండు సెమిస్టర్లు దాటినా చదువు ముగించనివాళ్లు ఇప్పటికీ కడతారు. యూరోపియన్ యూనియన్ బయటి దేశాల వాళ్లకు దీనికి రెట్టింపు.

ఇన్స్‌బ్రుక్ వైద్య కళాశాల ఉచిత చదువుకుండే ఇంకో చిక్కును చూపిస్తుంది. జర్మనీలో మార్కులు చాలక వైద్యంలో సీటు రాని విద్యార్థులకు భాష ఒకటే అయిన ఆస్ట్రియా రెండు గంటల రైలు ప్రయాణం దూరంలో ఉంది. వాళ్లను అడ్డుకునే నిబంధన చెల్లదని 2005 జులైలో యూరోపియన్ న్యాయస్థానం తీర్పు చెప్పగానే దరఖాస్తులు వరదలా వచ్చాయి. తమ ఖర్చుతో చదివిన వైద్యులు పట్టా పుచ్చుకుని సొంత దేశానికి వెళ్లిపోతే తమ పల్లెలకు డాక్టర్లెవరని ఆస్ట్రియా వాదించింది. 2006 నుంచి వైద్యంలో 75 శాతం సీట్లు ఆస్ట్రియాలో పాఠశాల చదువు ముగించినవాళ్లకే కేటాయించింది. ఈ వాదంలో న్యాయం ఉంది. సరిహద్దులు తెరిచి ఉన్నప్పుడు ఒక దేశం ఉచితంగా ఇచ్చేది పొరుగు దేశపు కొరతను కూడా తీర్చాల్సి వస్తుంది.

అదే రైలు దారిలో తర్వాతి పెద్ద ఊరు మ్యూనిఖ్. తెలుగు ఇళ్లలో 'జర్మనీలో ఫీజుండదు' అన్న మాట బాగా వినిపిస్తుంది గానీ, దాని వెనక జరిగిన పోరు సంగతి తెలిసినవాళ్లు తక్కువ. పశ్చిమ జర్మనీలో 1970 దాకా పాఠాలు వినడానికి రుసుము ఉండేది, ఆ ఏడాది పోయింది. 2002లో కేంద్ర ప్రభుత్వం ఫీజులను నిషేధిస్తూ చట్టం చేస్తే, విద్య రాష్ట్రాల అధికారమంటూ రాజ్యాంగ న్యాయస్థానం 2005 జనవరిలో దాన్ని కొట్టేసింది. వెంటనే ఏడు రాష్ట్రాలు సెమిస్టర్‌కు 500 యూరోల దాకా ఫీజు పెట్టాయి. బవేరియా వాటిలో ఒకటి, మ్యూనిఖ్ దాని రాజధాని. ఆ రాష్ట్రంలో ఓటర్లలో పది శాతం మంది రెండు వారాల్లో స్వయంగా వెళ్లి సంతకాలు పెడితే ఒక బిల్లును శాసనసభ ముందుంచవచ్చు. 2013 జనవరిలో, మంచు కురిసే రోజుల్లో, పద్నాలుగు శాతానికి పైగా ఓటర్లు ఫీజు వద్దని సంతకాలు చేశారు. కాలేజీ ముఖం చూడని వాళ్లూ ఆ వరసల్లో నిలబడితేనే అంత సంఖ్య సాధ్యమవుతుంది. శాసనసభ ఆ ఏడాదే ఫీజు ఎత్తేసింది. చివరి రాష్ట్రం లోయర్ శాక్సనీ 2014లో ఎత్తేశాక జర్మనీ అంతటా మళ్లీ ఫీజు లేకుండా పోయింది. ప్రతి సెమిస్టర్‌కూ కట్టే చిన్న రుసుము ఒకటి మిగిలింది. హాస్టళ్లు, మెస్సులు నడిపే విద్యార్థి సేవా సంస్థకు, విద్యార్థి సంఘానికి, చాలా చోట్ల బస్సు, రైలు పాసుకు అందులో నుంచే డబ్బు వెళుతుంది.

ఇక రెండో ప్రశ్న, విద్యార్థి గది అద్దె, తిండి సంగతి. జర్మనీ 1971లో 'బాఫోగ్' అనే చట్టం తెచ్చింది. పేద, మధ్యతరగతి విద్యార్థి బతకడానికి నెలనెలా ప్రభుత్వం ఇచ్చే డబ్బు అది. మొదట్లో పూర్తి గ్రాంటుగా మొదలై, 1983లో హెల్ముట్ కోల్ ప్రభుత్వ హయాంలో పూర్తి అప్పుగా మారి, 1990 నుంచి సగం గ్రాంటు, సగం వడ్డీ లేని అప్పుగా స్థిరపడింది. ఎంత తీసుకున్నా తిరిగి కట్టేది 10,010 యూరోలకు మించదు. ఇంత ఉదారంగా కనిపించే సాయం చాలామంది విద్యార్థులకు అందదు. తల్లిదండ్రుల ఆదాయం చూసి నిర్ణయిస్తారు కాబట్టి కాస్త సంపాదన ఉన్న ఇంటి పిల్లలు బయటే ఉండిపోతారు. బిడ్డ మొదటి చదువు ముగిసేదాకా పోషించడం తల్లిదండ్రుల చట్టబద్ధమైన బాధ్యత. అందుకు తోడుగా బిడ్డకు ఇరవై ఐదేళ్లు వచ్చేదాకా ప్రభుత్వం ఇంటికి నెలకు సుమారు 250 యూరోల పిల్లల భత్యం ఇస్తుంది. 2024 నుంచి బాఫోగ్‌లో అద్దె కోసం లెక్కగట్టే మొత్తం 380 యూరోలు. మ్యూనిఖ్‌లో నలుగురు కలిసి ఉండే ఇంట్లో ఒక్క గదికే దాదాపు దీనికి రెట్టింపు అవుతుంది. ఫీజు తీసేయాలని రాష్ట్రమంతా కదిలిన చోటే, గది దొరక్క చదువు మానుకునే పరిస్థితి ఉండటం కలవరపెట్టే విషయం.

భారతీయులు ఇప్పుడు జర్మనీలోని విదేశీ విద్యార్థుల్లో మొదటి స్థానంలో ఉన్నారు, ఇంతకు ముందు ఆ స్థానం చైనాది. వాళ్లలో తెలుగువాళ్ల వాటా కంటికి కనిపించేంత ఉంది. వీసా కావాలంటే ఏడాది ఖర్చులకు 11,904 యూరోలు, అంటే పది లక్షల రూపాయలకు పైనే, ఒక ఖాతాలో ముందే వేసి చూపించాలి. ఆ డబ్బు నెలకు 992 యూరోల చొప్పున మాత్రమే చేతికి వస్తుంది. ఫీజు లేని చదువుకోసం బ్యాంకులో విద్యా రుణం తీసుకునే కుటుంబాలు గుంటూరులోనూ, కరీంనగర్‌లోనూ ఉన్నది ఇందుకే. ఫీజు లేదన్న మాట కూడా అన్ని చోట్లా నిజం కాదు. బాడెన్-వుర్టెంబెర్గ్ రాష్ట్రం 2017 నుంచి యూరప్ బయటివాళ్ల దగ్గర సెమిస్టర్‌కు 1,500 యూరోలు తీసుకుంటోంది. మ్యూనిఖ్ సాంకేతిక విశ్వవిద్యాలయం కూడా అలాంటివాళ్లకు 2024 శీతాకాలం నుంచి డిగ్రీకి సెమిస్టర్‌కు 2,000 నుంచి 3,000, మాస్టర్స్‌కు 4,000 నుంచి 6,000 యూరోలు నిర్ణయించింది. తూర్పున సరిహద్దుకు అవతల ఉన్న చెక్ రిపబ్లిక్ పద్ధతి దీనికి పూర్తిగా భిన్నం: ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో చెక్ భాషలో చదివేవాళ్లెవరికైనా, ఏ దేశం నుంచి వచ్చినా, ఫీజు లేదు. ఇంగ్లిష్‌లో చదవాలంటే కట్టాలి.

మ్యూనిఖ్ నుంచి స్ట్రాస్‌బుర్గ్ మీదుగా పారిస్ చేరితే ఫీజు ఉంటుంది, కానీ తక్కువ. 2024–25లో ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో డిగ్రీకి ఏడాదికి 175 యూరోలు, మాస్టర్స్‌కు 250. దానికి విద్యార్థి జీవన రుసుముగా ఇంకో 103. ఉపకార వేతనం పొందేవాళ్లకు ఇవేవీ ఉండవు. ఆ వేతనాన్ని తల్లిదండ్రుల ఆదాయం, ఇంట్లో చదువుకునే పిల్లల సంఖ్య, కాలేజీకి ఇల్లు ఎంత దూరమన్నది చూసి ఎనిమిది మెట్లుగా ఇస్తారు. పై మెట్టులో ఉన్నవాళ్లకు ఏడాదికి 6,000 యూరోలకు కాస్త పైన వస్తుంది. ఆ ఏడాది విద్యార్థి భోజనశాలల్లో పూర్తి భోజనం 3 యూరోల 30 సెంట్లు ఉండేది. ఉపకార వేతనం ఉన్నవాళ్లకు 2020 నుంచి ఒక్క యూరోకే ఇస్తున్నారు. మధ్యాహ్నం వేళ లాటిన్ క్వార్టర్‌లోని ఈ భోజనశాలల ముందు వరస వీధిలోకి వస్తుంది.

ఇదే ఊళ్లో ఇంకో ఫ్రాన్స్ కూడా ఉంది. ఎకోల్ నార్మల్ సుపీరియర్‌లో పోటీ పరీక్ష ద్వారా నెగ్గినవాళ్లను శిక్షణలో ఉన్న ప్రభుత్వోద్యోగులుగా పరిగణించి జీతం ఇస్తారు. చదువుకోవడానికి తిరిగి డబ్బిచ్చే సంస్థ అది. వ్యాపార విద్యాలయాలు ఏడాదికి వేల యూరోలు తీసుకుంటాయి. ఎకోల్ నార్మల్‌కు పెట్టే కష్టమైన పోటీ పరీక్షకు పిల్లలను సిద్ధం చేయగలిగేది ఎక్కువగా చదువుకున్న కుటుంబాలే కాబట్టి, అందరి పన్నులతో ఇచ్చే ఆ జీతం చాలావరకు వాళ్ల ఇళ్లకే చేరుతుంది. ఫ్రాన్స్ పద్ధతిలో ఇది సమర్థించుకోలేని భాగం.

2018 నవంబరులో ప్రధాని ఎడువార్ ఫిలిప్ యూరప్ బయటి విద్యార్థులకు డిగ్రీకి 2,770, మాస్టర్స్‌కు 3,770 యూరోల ఫీజు ప్రకటించారు. పథకానికి పెట్టిన పేరు 'ఫ్రాన్స్‌కు స్వాగతం'. ఆఫ్రికా దేశాల నుంచి వచ్చే విద్యార్థులకు ఇది పిడుగుపాటు. సంఘాలు కోర్టుకెళ్లాయి. 1946 రాజ్యాంగ పీఠిక హామీ ఇచ్చిన ఉచిత విద్య సూత్రం విశ్వవిద్యాలయాలకూ వర్తిస్తుందని, అయితే మోస్తరు ఫీజు తీసుకోవడం తప్పు కాదని 2019 అక్టోబరులో రాజ్యాంగ మండలి తేల్చింది. మోస్తరు అంటే ఎంతన్నది మండలి చెప్పలేదు. ఆ మరుసటి ఏడాది అత్యున్నత పరిపాలనా న్యాయస్థానం కొత్త ఫీజులను సమర్థించింది. చాలా విశ్వవిద్యాలయాలు తమకున్న మినహాయింపు అధికారాన్ని వాడి విదేశీ విద్యార్థుల దగ్గర కూడా పాత ఫీజే తీసుకుంటూ వచ్చాయి.

ఈ దేశాలన్నీ ఇతర సభ్యదేశాల విద్యార్థులకు తమవాళ్లతో సమానంగా ఫీజు తీసుకోవాల్సి రావడానికి మూలం బెల్జియంలోని లియెజ్. 1982లో ఫ్రాన్స్ నుంచి ఫ్రాన్స్వాజ్ గ్రావియే అనే విద్యార్థిని బొమ్మల కథలు గీయడం నేర్చుకోవడానికి అక్కడి రాయల్ అకాడమీలో చేరింది. బెల్జియం విద్యార్థులకు లేని ప్రత్యేక రుసుమును విదేశీయురాలు గనక ఆమెను కట్టమన్నారు. ఆమె కట్టనంది, కేసు యూరోపియన్ న్యాయస్థానానికి వెళ్లింది. వృత్తి శిక్షణకు వచ్చిన సభ్యదేశపు పౌరుల దగ్గర జాతీయత చూసి ఫీజు తీసుకోవడం వివక్ష అని 1985 ఫిబ్రవరి 13న తీర్పు వచ్చింది. వృత్తి శిక్షణ అన్న మాటలోకి విశ్వవిద్యాలయ చదువులు దాదాపు అన్నీ వస్తాయని ఆ తర్వాతి తీర్పులు స్పష్టం చేశాయి. కామిక్స్ గీయాలనుకున్న ఒక అమ్మాయి పట్టుదల వల్ల లక్షలమందికి సరిహద్దు అవతల చదువుకునే దారి తెరుచుకుంది. రెండేళ్లకు, 1987లో, ఎరాస్మస్ మార్పిడి పథకం మొదలైంది.

ఆ సమానత్వం ఫీజు దగ్గరే ఆగిపోతుంది. జీవన భృతికి ఆ తీర్పు వర్తించదని 1988లోనే న్యాయస్థానం చెప్పింది. 2004 నాటి యూరోపియన్ చట్టం ప్రకారం, ఉద్యోగం చేయని విద్యార్థి ఒక దేశంలో ఐదేళ్లు నివసించేదాకా అక్కడి ప్రభుత్వం భృతి ఇవ్వనక్కర్లేదు. నెదర్లాండ్స్‌లో చదివిన ఒక జర్మన్ విద్యార్థిని ఈ ఐదేళ్ల షరతును సవాలు చేసి 2008లో ఓడిపోయింది. బుకారెస్ట్ నుంచి ఆమ్‌స్టర్‌డామ్ వచ్చిన పిల్లకు తరగతి గది తలుపు తెరిచే ఉంటుంది, అద్దె మాత్రం ఇంటి నుంచి రావాలి. పేద దేశాల పిల్లలు ధనిక దేశాల్లో పాఠాల మధ్య అంతంత గంటలు హోటళ్లలో గిన్నెలు కడగడానికి కారణం ఇది.

నెదర్లాండ్స్‌లో 2024–25లో ఫీజు ఏడాదికి సుమారు 2,500 యూరోలు. ఈ దేశం కథలో అందరూ తెలుసుకోవాల్సింది మాత్రం ఎనిమిదేళ్ల ఒక ప్రయోగం. 1986 నుంచి అక్కడ ప్రతి విద్యార్థికీ, తల్లిదండ్రుల ఆదాయంతో నిమిత్తం లేకుండా, ప్రాథమిక గ్రాంటు ఉండేది. 2015లో ప్రభుత్వం దాన్ని తీసేసి దాని స్థానంలో అప్పు పెట్టింది. మిగిలిన డబ్బును బోధన మెరుగుపరచడానికి వాడతామంది. అప్పు పెరిగిన యువతకు ఇల్లు కొనడానికి బ్యాంకులు ఇచ్చే రుణం తగ్గింది. తల్లిదండ్రుల ఇల్లు విడవనివాళ్లు పెరిగారు. 2023 సెప్టెంబరులో గ్రాంటు తిరిగొచ్చింది. పదేళ్లలోపు డిగ్రీ పూర్తిచేస్తే అది తిరిగివ్వనక్కర్లేదు. ఆ మధ్యలో చదివినవాళ్లను డచ్చి జనం 'దురదృష్టపు తరం' అంటారు. వాళ్లకిచ్చిన పరిహారం వాళ్ల అప్పులతో పోలిస్తే చాలా తక్కువ. నెదర్లాండ్స్ విద్యార్థులకు ఇంకో మంచి ఏర్పాటు ఉంది: వారం మధ్యలోగానీ, వారాంతంలోగానీ, ఏది ఎంచుకుంటే అప్పుడు, దేశమంతటా బస్సులు, రైళ్లలో టికెట్ కొనకుండా తిరగవచ్చు.

ఆమ్‌స్టర్‌డామ్‌లో ఎక్కిన రైలు సముద్రం కింది సొరంగం దాటి లండన్ చేరుతుంది. 1962 నాటి చట్టంతో బ్రిటన్‌లో విశ్వవిద్యాలయంలో చేరిన విద్యార్థికి ఫీజు ప్రభుత్వమే కట్టి, జీవన గ్రాంటు కూడా ఇచ్చేది. అప్పట్లో చదువుకునేవాళ్లు కొద్దిమందే. సంఖ్య పెరిగేకొద్దీ ఖజానా వెనకడుగు వేసింది. 1998లో 1,000 పౌండ్ల ఫీజు వచ్చింది. దాన్ని 3,000 దాకా పెంచే బిల్లు 2004 జనవరిలో ఐదు ఓట్ల తేడాతో గట్టెక్కింది. 2010 డిసెంబరు 9న, వెస్ట్‌మిన్‌స్టర్ బయట వేలమంది విద్యార్థులు నిరసన తెలుపుతుండగా, గరిష్ఠ ఫీజును 9,000కు పెంచే తీర్మానం 21 ఓట్ల ఆధిక్యంతో నెగ్గింది. ఫీజు పెంపును వ్యతిరేకిస్తామని ఎన్నికల ముందు సంతకాలు చేసిన లిబరల్ డెమోక్రాట్లు ప్రభుత్వంలో భాగస్వాములు. వాళ్ల నాయకుడు నిక్ క్లెగ్ 2012లో క్షమాపణ చెప్పుకున్నాడు, 2015 ఎన్నికల్లో ఆ పార్టీ కుప్పకూలింది. 2025–26లో ఫీజు 9,535 పౌండ్లు.

ఇంగ్లండ్ విద్యార్థి ఈ డబ్బు ముందుగా కట్టడు. ప్రభుత్వ రుణ సంస్థ విశ్వవిద్యాలయానికి కడుతుంది, జీవన ఖర్చులకు ఇంకో అప్పు ఇస్తుంది. పేద విద్యార్థులకుండే జీవన గ్రాంటును 2016లో ఎత్తేసి అప్పుగా మార్చారు. 2023 ఆగస్టు నుంచి చేరినవాళ్లు ఏడాదికి 25,000 పౌండ్లకు మించిన సంపాదనలో 9 శాతం చొప్పున నలభై ఏళ్లు కడతారు, అప్పటికీ తీరకపోతే మాఫీ. 2012 నుంచి అప్పటిదాకా చేరినవాళ్లకు గడువు ముప్పై ఏళ్లే. చదువు ముగిసేసరికి ఒక్కొక్కరి తల మీద సగటున 50,000 పౌండ్ల దాకా అప్పు ఉంటుంది. జీతం రాకపోతే కట్టనక్కర్లేదు కాబట్టి ఇది అప్పు కాదు, ఒక రకం పన్ను అని దీని సమర్థకులు అంటారు. కానీ ఆ పన్ను సంపన్నుల పిల్లల మీద పడదు. తల్లిదండ్రులు ముందే ఫీజు కట్టేసిన పిల్లలకు ఆ తొమ్మిది శాతం కోత ఉండదు. నడివయసు దాటేదాకా కోత పడేది నర్సుకూ, బడిపంతులుకూ. ఇరవై ఐదేళ్లలో ఇంత దూరం జరిగిన దేశం యూరప్‌లో ఇంకొకటి లేదు.

కింగ్స్ క్రాస్‌లో రైలెక్కి నాలుగున్నర గంటల్లో ఎడిన్‌బరో చేరితే అదే రాజ్యంలో ఇంకో చట్టం. స్కాట్‌లండ్ పార్లమెంటు ఏర్పడిన కొత్తలోనే, 2000లో, ముందు కట్టే ఫీజు తీసేసి చదువు ముగిశాక సుమారు 2,000 పౌండ్లు తీసుకోవడం మొదలుపెట్టారు. 2008లో అదీ పోయింది. స్కాట్‌లండ్ విద్యార్థి ఫీజును ప్రభుత్వ సంస్థ 1,820 పౌండ్ల చొప్పున విశ్వవిద్యాలయానికి చెల్లిస్తుంది. న్యూకాజిల్ నుంచి వచ్చిన ఇంగ్లండ్ విద్యార్థి మాత్రం ఇంగ్లండ్‌లో కట్టేంత కట్టాలి, పైగా ఇక్కడ డిగ్రీ నాలుగేళ్లు. బ్రెగ్జిట్‌కు ముందు ఏథెన్స్ నుంచి వచ్చినవాడికి ఫీజు లేదు, న్యూకాజిల్ వాడికి ఉంది. ఇతర సభ్యదేశాల పౌరుల మీద వివక్ష చూపకూడదన్న లియెజ్ తీర్పు ఒకే దేశంలోని రెండు ప్రాంతాలకు వర్తించకపోవడమే కారణం. స్కాట్‌లండ్ ఉచితానికి కూడా ఒక ధర ఉంది. ప్రభుత్వం డబ్బు కట్టే సీట్ల సంఖ్యకు పరిమితి ఉండటంతో, పేరున్న విశ్వవిద్యాలయాల్లో స్థానిక పిల్లలకు పోటీ ఎక్కువ.

ఉత్తర సముద్రం దాటి కోపెన్‌హాగెన్ చేరితే, విద్యార్థి తల్లిదండ్రుల బిడ్డా, సొంత పౌరుడా అన్న మూడో ప్రశ్నకు జవాబు మారిపోతుంది. డెన్మార్క్‌లో ఫీజు లేదు, ఆ పైన ఇల్లు విడిచి ఉంటున్న విద్యార్థికి ప్రభుత్వం నెలకు దాదాపు 7,000 క్రోనర్లు ఇస్తుంది. దాని మీద పన్ను ఉంటుంది. ఇరవై ఏళ్లు నిండినవాడి తల్లిదండ్రులు కోటీశ్వరులైనా పేదలైనా లెక్కలో తేడా లేదు. ఎందుకంటే వాడు ఇంకొకరి బిడ్డ కాదు, సొంతంగా బతికే పౌరుడు. తండ్రి ఇష్టానికి వ్యతిరేకంగా సంగీతం చదవాలనుకున్న అమ్మాయికీ, పెళ్లయి బిడ్డను పెంచుకుంటూ నర్సింగ్ చదివే తల్లికీ ఈ స్వేచ్ఛ ఎంత విలువైనదో చెప్పనక్కర్లేదు. ఈ యాత్రలో కనిపించిన అన్ని ఏర్పాట్లలోనూ మనిషి గౌరవాన్ని ఎక్కువగా నిలబెట్టేది ఇదే. వారానికి పది పన్నెండు గంటలు ఉద్యోగం చేసే ఇతర సభ్యదేశాల విద్యార్థులు కూడా కార్మికుల కింద లెక్కకొస్తారని, వాళ్లకూ ఈ భృతి దక్కాలని 2013లో యూరోపియన్ న్యాయస్థానం దారి చూపింది. విదేశీ విద్యార్థులకిచ్చే భృతి ఖర్చు పెరగడంతో డెన్మార్క్ 2021లో ఇంగ్లిష్ మాధ్యమపు సీట్లు బాగా కోసింది.

2000లో తెరిచిన ఓరెసుండ్ వంతెన మీదుగా స్వీడన్‌లోని లుండ్‌కు గంట లోపు ప్రయాణం. స్వీడన్‌లోనూ ఫీజు లేదు, తల్లిదండ్రుల ఆదాయం అడగరు. తేడా ఏమిటంటే 1965 నుంచి నడుస్తున్న ఇక్కడి సాయంలో ఇప్పుడు దాదాపు మూడింట ఒక వంతు మాత్రమే గ్రాంటు, మిగతాది అప్పు. ఫీజు లేని దేశంలో చదివి కూడా యువతీయువకులు చాలామంది అప్పుతోనే బయటికొస్తారు, దాన్ని ఇరవై ఐదేళ్లలో తీరుస్తారు. బతకడానికి అప్పు చేసి, ఇంటి మీద ఆధారపడకుండా ఉండటం ఇక్కడివాళ్లకు సహజం. యూరప్ బయటి విద్యార్థులకు 2011 శరత్కాలం నుంచి స్వీడన్ ఫీజు పెట్టింది, ఆ ఏడాది వాళ్ల సంఖ్య ఒక్కసారిగా పడిపోయింది. ఫిన్లండ్ 2017లో అదే దారి పట్టింది.

స్టాక్‌హోమ్ నుంచి ఉత్తరానికి సాగే రైలు కిరునా దాటి నార్వేలోని నార్విక్ దగ్గర ఆగిపోతుంది, ఆపైన పట్టాలు లేవు. నార్వే ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు ఏ దేశం వాళ్ల దగ్గరా ఫీజు తీసుకోకుండా 2023 దాకా నిలిచాయి. ఆ ఏడాది శరత్కాలం నుంచి యూరప్ బయటివాళ్లు ఇక్కడా కడుతున్నారు. సొంత విద్యార్థులకు 1947లో ఏర్పడిన ప్రభుత్వ రుణ సంస్థ మొత్తం సాయాన్ని మొదట అప్పుగానే ఇస్తుంది. ఇంటికి దూరంగా ఉంటూ పరీక్షలు పాసై డిగ్రీ పూర్తిచేసినవాళ్లకు అందులో 40 శాతం దాకా గ్రాంటుగా మారుతుంది. పాసైన కొద్దీ అప్పు తగ్గుతుందన్నమాట.

నార్విక్‌కు ఈశాన్యంగా, శీతాకాలంలో సూర్యుడు కనిపించని ఫిన్‌మార్క్, ఉత్తర ట్రోమ్స్ ప్రాంతాలకు డాక్టర్లూ, టీచర్లూ, ఇంజినీర్లూ రావడం కష్టం. 1990 నుంచి అక్కడ స్థిరపడి పనిచేసేవాళ్ల చదువు అప్పులో ఏటా పది శాతం, ఒక పరిమితికి లోబడి, ప్రభుత్వం కొట్టేస్తోంది. ఏ విశ్వవిద్యాలయంలో చదివారన్నది, ఏ ఉద్యోగం చేస్తున్నారన్నది అడ్డు కాదు. పన్నెండు నెలలు ఆ నేల మీద నివసించి పనిచేసినట్టు చూపిస్తే ఆ ఏడాది మాఫీ వర్తిస్తుంది.